ఏటేటా ఏటిలోకి

రాజకుమారిని మొదటి ఏడాది పోటీలో చేర్చింది ఆమె కూతురు బిందు. తల్లిని అడక్కుండానే పేరిచ్చేసి, తర్వాత విశాఖపట్నం నుంచి ఫోన్ చేసి చెప్పింది.

"అమ్మా, ఫిబ్రవరిలో బారువలో ట్రయథ్లాన్ పెడుతున్నారు. ఆడవాళ్లకి మాత్రమే. ముందు ఈత, తర్వాత సైకిలు, చివర్న పరుగు. నువ్వూ ఉన్నావు."

"ఏటది? మళ్లీ చెప్పు."

బిందు మళ్లీ చెప్పింది. అప్పటికి రాజకుమారికి నలభై మూడేళ్లు. భర్త ఉమాశంకర్‌కి పలాసలో చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది, ఇల్లు దాని వెనకే. మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తున్నాయనీ, ఊరికే కూర్చుంటే దిగులుగా ఉంటోందనీ కూతురితో అంటూ ఉండేది. ఆ మాటలకి మందు ఇలా దొరుకుతుందని అనుకోలేదు.

ఉమాశంకర్‌కి చెప్తే తింటున్న ముద్ద ఆపేశాడు.

"ఈతేటి, సైకిలేటి, ఈ వయసులో! నలుగురూ చూస్తే ఏమనుకుంటారు రాజీ? రేపు నేను వ్యాపారుల మీటింగుకెళ్తే అడగరూ?"

"అడిగితే మా ఆవిడ ఈదడానికెళ్లిందని చెప్పండి."

ఆ జవాబు ఇచ్చాక గాని తను వెళ్లబోతున్నట్టు ఆమెకే తెలియలేదు.

ఈత ఆమెకు కొత్త కాదు. పుట్టిల్లు కవిటి దగ్గర. కొబ్బరితోట మధ్యలో మెట్లున్న పెద్ద నుయ్యి ఒకటుండేది. పీచు తియ్యని ఎండు కొబ్బరికాయలు రెండింటిని తాడుతో జత కట్టి, ఆ తాడు పొట్ట కిందికి వచ్చేలా పడుకోబెట్టి, అన్న తిరుమలరావు ఆమెను నీళ్లలోకి తోసేవాడు. కాయలు తేలతాయి, వాటి మీద పిల్ల తేలుతుంది. కొన్నాళ్లకి కాయలు అక్కర్లేకుండా పోయాయి. తర్వాత పెద్దమనిషి అయింది, ఇక నూతిలోకి దిగొద్దన్నారు. దిగలేదు. ముప్ఫై ఏళ్లు అలాగే గడిచిపోయాయి.

బిందు ఫోన్ చేసిన వారంలోనే పుట్టింటికి వెళ్లింది. వదినగారి పాత చుడీదారు వేసుకుని నూతి మెట్లు దిగింది. చలికి పళ్లు టకటకలాడాయి. చేతులు చాచింది. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఆమె ఆలోచించనక్కర్లేకపోయింది, ఒళ్లే చేసుకుపోయింది. గట్టు మీద నిలబడి చూస్తున్న తిరుమలరావు "ఓసినీ, మర్చిపోనేదే!" అని చప్పట్లు కొట్టాడు.

పోటీ రోజు పొద్దున్నే బారువ చేరింది. మహేంద్రతనయ ఏరు అక్కడే సముద్రంలో కలుస్తుంది. కలిసేచోట ఇసుక మేట పడి, ఆ కాలంలో ఏరు కదలకుండా వెడల్పుగా నిలబడుతుంది. ఈత అందులో. సైకిలు సోంపేట మీదుగా కవిటి దారిలో కొంతదూరం వెళ్లి తిరిగి రావడం. పరుగు సముద్రం ఒడ్డున. విశాఖ నుంచీ భువనేశ్వర్ నుంచీ వచ్చిన ఆడవాళ్లు ఒంటికి అతుక్కునే నల్లటి దుస్తుల్లో, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని నిలబడ్డారు. రాజకుమారి చుడీదారులో వాళ్ల మధ్య నిలబడింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చింది ఆమె ఒక్కతే.

ఏటిలోంచి ఆమె ఎనిమిదో మనిషిగా బయటికొచ్చింది. ఉమాశంకర్ రానన్నవాడే, ఫ్యాక్టరీ మనుషుల వెనక దాక్కున్నట్టు నిలబడి చూశాడు. ఆమె రొప్పుతూ ఒడ్డెక్కి సైకిలు వైపు పరుగెడుతుంటే తనకి తెలియకుండానే "రాజీ!" అని అరిచాడు.

సైకిలు బిందు కొనిపెట్టిన గేర్ల సైకిలు. సోంపేట దాటి, కవిటి దారిలో కొంతదూరం పోయి వెనక్కి తిరిగేదాకా బాగానే నడిచింది. తిరుగు దారిలో వెనక చక్రానికి ఈతముల్లు దిగింది. అందరూ ఒకరి తర్వాత ఒకరు దాటిపోయారు. రాజకుమారి సైకిలు నడిపించుకుంటూ, తడి చుడీదారు కాళ్లకి అడ్డం పడుతుంటే, తోటల నీడలో ఒక్కతే వస్తోంది.

ఎదురుగా ఒకామె సైకిలు మీద వచ్చింది. చదువుకునే ఆడపిల్లలకి బడిలో ఇచ్చే సైకిలు అది. వెనక తట్టలో ఎండు నెత్తళ్ల చేపలు. చీర కుచ్చెళ్లు బొడ్లో దోపుకుని, తలకి తువ్వాలు చుట్టుకుంది. రాజకుమారి కంటే ఏడెనిమిదేళ్లు చిన్నదిగా ఉంటుంది. కాలు కింద ఆనించి ఆగింది.

"ఏటమ్మా, పంచరేటి?"

"అవునమ్మా. ముల్లు దిగింది."

"ఎందాకెల్లాల?"

"బారువ. పోటీలో ఉన్నాను."

"పోటీయా! మరి ఇలగ నడిపించుకుంటా ఎల్తే ఏటి గెలుత్తారు? ఇదిగో, నా సైకిలెక్కి ఎల్లిపోండి. మీ సైకిలు నాను తెత్తాను."

"నేనెవరో నీకు తెలీదు కదా!"

"మీరు పారిపోతే మీ సైకిలు నాకాడుంటాది గదా. నాదానికన్నా మీదే బాగుంది" అని ఆమె పకపకా నవ్వింది.

అలా రాజకుమారికి మంగ కనిపించింది. బారువ పక్కన ఒడ్డునే వాళ్ల ఊరు. భర్త సోములు వేటకి వెళ్తాడు. మంగ ఎండుచేపలు కవిటి వైపు ఊళ్లలో అమ్ముతుంది. తట్ట దించుకునే ఓపిక ఇద్దరికీ లేకపోయింది. తట్టతోనే రాజకుమారి సైకిలెక్కింది. సోంపేటలో ఒక కుక్క వాసన పట్టి చాలాదూరం వెంటబడింది. బారువలో సైకిళ్లు నిలబెట్టేచోటికి ఆమె చేరేసరికి, ఎండునెత్తళ్ల వాసనకి అక్కడున్న వాళ్లంతా తలలు తిప్పి చూశారు.

పోటీ నడిపించే అమ్మాయి మెత్తగానే చెప్పింది.

"దారిలో వేరేవాళ్ల సాయం తీసుకోకూడదండీ. మీ పేరు ఫలితాల్లో ఉండదు."

"ఉండకపోతే పోనీ. పరుగెత్తనిస్తారా?"

"పరుగెత్తండి."

పరుగెత్తింది. ఆమె చేరేసరికి షామియానాలు విప్పుతున్నారు. కాసేపటికి మంగ గేర్ల సైకిలు నడిపించుకుంటూ వచ్చింది.

"ఎన్నో నంబరొచ్చినాదమ్మా?"

"నంబరేం రాలేదు. నీ సైకిలెక్కానని తీసేశారు."

మంగ ముఖం వాడిపోయింది. "నా మూలానా? అయ్యో, మంచి సేద్దారని..."

"నీ మూలానే చివరిదాకా వచ్చాను. లేకపోతే ఇంకా ఆ తోటల్లోనే ఉందును." రాజకుమారి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చేతికి ఉప్పు, పొలుసు అంటి ఉన్నాయి. వదలబుద్ధి కాలేదు.

ఆ తర్వాత మంగ పలాసకి వచ్చినప్పుడల్లా ఫ్యాక్టరీ వెనకింటికి వచ్చేది. ముందు "అమ్మగారూ" అనేది. కొన్నాళ్లకి "అమ్మా" అయింది. వానాకాలం వెళ్లేసరికి, సొంత అక్కని పిలిచినట్టు, "అప్పా" అయింది. ఎప్పుడు మారిందో ఇద్దరూ గమనించలేదు.

రెండో ఏడు పోటీలో జంటల విభాగం పెట్టారు. ఒకామె ఈది, పరుగెత్తాలి. రెండో ఆమె సైకిలు తొక్కాలి. ఆ సంగతి తెలియగానే రాజకుమారి మంగ ఇంటికి వెళ్లింది. వాకిట్లో వల సర్దుతున్న మంగ అత్త నూకాలమ్మ విషయం విని వల వదిలేసింది.

"పోటీలేటి తల్లీ? సంసారం సేసే ఆడది ఊళ్లమ్మట సైకిలెక్కి తిరగడమేటి?"

"అత్తా, నాను రోజూ తిరుగుతున్నాను గదా" అంది మంగ.

"అది యాపారం. ఇదేటి?"

నిజమే, ఇదేమిటి అనిపించింది రాజకుమారికి. ఏమొస్తుంది దీని వల్ల? చివరికి ఉన్నమాటే చెప్పింది. "ఏం లేదు నూకాలమ్మా. ఒక్క పొద్దుట మా ఇద్దరికీ సరదాగా ఉంటుంది. అంతే."

నూకాలమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "సరదాకేనా?"

"సరదాకే."

"అయితే ఎల్లండి. దేవుడి మొక్కనుకున్నాను. మొక్కయితే యేటేటా సెయ్యాల" అంది.

పోటీ రోజున మంగ, బడికెళ్లే తన కూతురి ట్రాక్‌ప్యాంటూ, సోములు చొక్కా వేసుకుంది. రాజకుమారి ఏటిలోంచి వచ్చి ఆమె భుజం తట్టగానే గేర్ల సైకిలెక్కింది. గేర్లు ఎలా మార్చాలో నేర్పారు గాని ఆమె వాటి జోలికి పోలేదు. తట్ట లేకుండా సైకిలు తొక్కడం ఎంత సుఖమో అప్పుడే తెలిసిందట. తలొంచుకుని తొక్కుతున్న పట్నం వాళ్లని ఒక్కొక్కళ్లనీ దాటుతూ, ఒక్కొక్కరితోనూ "తప్పుకోమ్మా, తప్పుకో" అని మర్యాదగా చెప్తూ పోయింది. దారిలో చేపలు కొనే ఇళ్లవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. "మంగా, చేపలేవే?" అని ఒకావిడ అరిస్తే "రేపు తెత్తాను పిన్నీ!" అని వెనక్కి చూడకుండా అరిచింది. ఆ ఏడు జంటల్లో వాళ్లు రెండోవాళ్లు. మెడలో పతకం వేస్తుంటే మంగ కంగారుగా రాజకుమారి వైపు చూసింది, తియ్యమంటారేమోనన్నట్టు.

మూడో ఏడు కూడా జంటగానే వెళ్లారు. ఆ ఏడే రాజకుమారి ఒకటి కనిపెట్టింది. ఈతకి దిగేముందు ఒడ్డు వైపు చూస్తే, మంగ ఏటికి వీపు పెట్టి కూర్చుని ఉంది. ఈది వచ్చాక కూడా అలాగే ఉంది. వెనక నుంచి భుజం తడితే గాని లేవలేదు.

పోటీ అయ్యాక అడిగింది. "ఏటే మంగా, ఎందుకలాగ అటు తిరిగి కూచున్నావు?"

మంగ చాలాసేపు కాళ్ల మీది ఇసుక దులుపుకుంది.

"నీట్లో నిన్ను సూడలేనప్పా. బయమేత్తాది."

"సముద్రం ఒడ్డున పుట్టావు. నీకు నీళ్లంటే భయమా?"

"ఒడ్డున పుట్టినాను గాని నీట్లో పుట్టలేదు గదా. మా మగోళ్లు ఎల్తారు. మేం ఒడ్డునుంటాం. నాకు మోకాళ్లు దాటి నీళ్లెప్పుడూ రానేదు." అంతవరకే చెప్పి ఆగింది. తర్వాత, ఎవరో అడిగినట్టుగా, "మా తమ్ముడు కామేశ్ ఎల్లి రానేదు. తెప్పొచ్చినాది, ఆడు రానేదు" అంది.

రాజకుమారి వచ్చి పక్కన కూర్చుంది.

"నాను సముద్రాన్ని ఎప్పుడూ తిట్నేదప్పా. అన్నం పెడతాది. మా ఆయన్ని రోజూ పంపుతున్నాను. కానీ నువ్వు ఈదొచ్చి నా బుజం మీద సెయ్యేసే దాకా నా పేనం నాకాడ ఉండదు."

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి ఉమాశంకర్ కాళ్లు వాచాయి. పరీక్ష చేయిస్తే రక్తంలో క్రియాటినిన్ ఎక్కువుంది, కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. ఉద్దానంలో పుట్టినవాడికి ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. అతని పెదనాన్న, ఇద్దరు మేనమామలు అదే జబ్బుతో పోయారు. అతను ఇంటికొచ్చి ఫ్యాక్టరీ తాళాలు బల్ల మీద పెట్టి, "ఇక మనకీ వచ్చింది రాజీ" అన్నాడు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి కూర్చునేవాడు. ఎప్పుడూ ఎవరో ఒకరితో మాట్లాడుతూ ఉండే మనిషి, మాటలు తగ్గించేశాడు.

రాజకుమారి కిడ్నీ సరిపోతుందని విశాఖలో డాక్టర్లు చెప్పారు. ఉమాశంకర్ ఒప్పుకోలేదు.

"వద్దు. నీకేమైనా అయితే?"

"ఏమీ కాదు. డాక్టరుగారు నా ఒళ్లు చూసి మెచ్చుకున్నారు. ఈత కొడతారా అని అడిగారు. ఆ ఈతే కదా మీరు వద్దన్నది" అంది.

అతను నవ్వబోయి ఏడ్చేశాడు.

ఆగస్టులో ఆపరేషన్ అయింది. ఇద్దరూ కోలుకున్నారు. ఫిబ్రవరి నాటికి నడవొచ్చు గాని, ఆ ఏడాదికి పోటీ మాట ఎత్తొద్దని రాజకుమారికి చెప్పారు. ఆమె పైకి సరేనంది.

దసరా ముందు మంగ చూడడానికి వచ్చింది. గుమ్మంలోనే ఆగి, ముక్కుకి మాస్కు కట్టుకుని, చేతులు రెండుసార్లు కడుక్కుంటే గాని లోపలికి రాలేదు. ఉమాశంకర్‌ని దూరం నుంచే పలకరించి రాజకుమారి మంచం పక్కన కింద కూర్చుంది.

"ఈ యేడు మనకి లేదే మంగా" అంది రాజకుమారి. "నువ్వు వేరే ఎవరితోనైనా జంట కట్టు."

"ఇంకోళ్లతో నాకేటి పని?"

"మరి మానేస్తావా?"

మంగ తల అడ్డంగా ఊపింది.

"అప్పా, నాకు ఈత నేర్పు."

రాజకుమారి మంచం మీద లేచి కూర్చుంది.

"నాను ఒక్కద్దాన్నే సేత్తాను. ఈతా, సైకిలూ, పరుగూ. నువ్వు నీ ఒంట్లోది కోసి ఆయనకిచ్చినావు. నాను నీట్లో దిగలేనేటి?"

"భయం కదే నీకు?"

"బయమే. నువ్వుంటావు గదా గట్టు మీద."

ఆదివారాలు నేర్చుకోవడం మొదలైంది. తిరుమలరావు నుయ్యి బాగు చేయించాడు. విశాఖలో ఉద్యోగం చేస్తున్న బిందు వారం వారం వచ్చి నీళ్లలో నిలబడేది. రాజకుమారి పైమెట్టు మీద దిండు వేసుకుని కూర్చుని పాఠం చెప్పేది. మొదటి ఆదివారం మంగ నడుములోతు మెట్టు దాకా దిగి, గోడ పట్టుకుని, ఇక కదలనంది. కళ్లు గట్టిగా మూసుకుంది.

"కళ్లు తెరువే."

"తెరిత్తే నీళ్లు కనబడతాయి."

"నీళ్లు చూడకు. నన్ను చూడు."

మంగ కళ్లు తెరిచి రాజకుమారిని చూసింది. అలా చూస్తూనే ఒక మెట్టు దిగింది. ఆ రోజుకి అంతే.

రెండో ఆదివారం కొబ్బరికాయల జత కట్టారు. వాటి మీద బోర్లా పడుకోగానే మంగ అరిచిన అరుపుకి తోటలో కొబ్బరి తీస్తున్న మనుషులు పరుగెత్తుకొచ్చారు. వాళ్లని చూసి సిగ్గుతో ఆమె మళ్లీ అరిచింది. "కాళ్లు ఆడించు, కాళ్లు!" అని రాజకుమారి పైనుంచి అరుస్తూ తనూ గాల్లో కాళ్లు ఆడించేసింది. కుట్టు దగ్గర సుర్రుమంది. "అమ్మా, నువ్వు కదలకు!" అని బిందు కోప్పడింది. ఇద్దరు మొండివాళ్లతో వేగలేకపోతున్నానని రాత్రి తండ్రికి చెప్పుకుంది.

కార్తీకం వెళ్లేసరికి జతలో ఒక కాయే మిగిలింది. సంక్రాంతి దాటాక అదీ తీసేశారు. మంగ ఈత చూడముచ్చటగా ఏమీ ఉండేది కాదు. తల పైకెత్తి, నీళ్లని తిడుతున్నట్టు ముఖం పెట్టి, చేతులతో ఈడ్చుకుంటూ పోయేది. కానీ పోయేది. ఈ గోడ నుంచి ఆ గోడకి, అక్కడి నుంచి ఈ గోడకి. ఒకరోజు గోడ ముట్టుకోకుండానే వెనక్కి తిరిగింది. రాజకుమారి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది, అరిస్తే ఎక్కడ ఆగిపోతుందోనని.

పోటీ రోజు నూకాలమ్మ ఏటి ఒడ్డుకి వచ్చింది. కోడలు నీట్లోకి దిగుతుందని ముందు రోజు దాకా ఆమెకి చెప్పలేదు. చెప్పాక ఒక పూట అన్నం మానేసింది. ఇప్పుడు రాజకుమారి పక్కన నిలబడి, "నువ్వే నేర్పినావంట" అంది. ఆ గొంతులో కోపం ఉందో లేదో తెలియలేదు.

"నేనే నూకాలమ్మా."

"గట్టిగా నేర్పినావా?"

"గట్టిగానే."

నూకాలమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఈత మొదలయ్యాక కూడా వదలలేదు.

కాపలాకి ఏటిలో నాలుగు తెప్పలు నిలిపారు. ఒకదాంట్లో సోములు ఉన్నాడు. విజిలు ఊదగానే అందరూ నీళ్లలో పడ్డారు. మంగ అందరూ వెళ్లిపోయాక నెమ్మదిగా దిగింది. రాజకుమారి ఒడ్డు వెంబడే నడిచింది. డాక్టర్లు నడవొచ్చన్నారు, ఎంత వేగంగా అన్నది చెప్పలేదు. నూకాలమ్మ ఆమెను పట్టుకుని వెంట నడిచింది. నడి ఏటికి వచ్చేసరికి మంగ ఆగింది. నూతికి గోడలుంటాయి. ఇక్కడ ఎటు చూసినా నీళ్లే. ఆమె చేతులు గజిబిజిగా కొట్టుకోవడం ఒడ్డు నుంచి కనిపించింది.

మంగ నాలుగు బారలు వేసి పక్కనున్న తెప్ప అంచు పట్టుకుంది. అది సోములు తెప్ప. అంచు పట్టుకుని సేదదీరొచ్చు, తెప్ప కదలకూడదు. అది నియమమే.

"ఎక్కేత్తావేటే?" అన్నాడు సోములు.

"ఎక్కను. నువ్వు మాటాడకు."

"బయమేత్తందా?"

"నీకెయ్యట్లేదేటి?"

సోములు తలొంచుకున్నాడు. "ఏత్తంది" అన్నాడు.

ఆ మాటలు తర్వాత అతనే చెప్పాడు. ఒడ్డున ఉన్నవాళ్లకి కనిపించింది ఒక్కటే. మంగ తల తిప్పి ఒడ్డు వైపు చూసింది. రాజకుమారి చెయ్యెత్తి ఊపింది. నూకాలమ్మ రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి, "కాళ్లాడించే!" అని ఏరంతా వినిపించేలా కేకేసింది. మంగ అంచు వదిలేసింది.

ఈతలో ఆఖరిది ఆమే. ఒడ్డెక్కి రెండడుగులు వేసి తూలి, ఇసుకలో మోకాళ్ల మీద కూలబడింది. ఏడుస్తోందో, నీళ్లు కారుతున్నాయో తెలియలేదు. రాజకుమారి దగ్గరికి వెళ్లబోయి ఆగిపోయింది. ముట్టుకుంటే సాయం అంటారు.

"లే మంగా" అంది, ఎదురుగా నిలబడి. "సైకిలు నీది. అది నీకెవరూ నేర్పక్కర్లేదు."

మంగ లేచింది. కవిటి దారిలో ఇరవై మందికి పైగా దాటేసింది. పరుగులో కొందరు మళ్లీ ఆమెను దాటారు. మధ్యలో ఎక్కడో నిలిచింది. ఏ స్థానమో ఆమె అడగలేదు. వచ్చి రాజకుమారి మెడ చుట్టూ చేతులు వేసి, "మోకాళ్లు దాటినాయప్పా, మెడ దాటినాయి, తల దాటినాయి" అని చెప్తూనే ఉంది. కారులో మాస్కుతో కూర్చున్న ఉమాశంకర్ అద్దం దించి, దూరం నుంచే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"నా మూలాన నీకు ఈ యేడు పోయింది" అన్నాడు ఇంటికెళ్లే దారిలో.

"పోలేదండీ" అంది రాజకుమారి. ఆ సంవత్సరమే తనకి అన్నిటికంటే ఎక్కువ దొరికిందని ఆమెకి అనిపించింది.

ఈ ఫిబ్రవరిలో అయిదోసారి. ఇప్పుడు రాజకుమారి తిరిగి వచ్చింది. డాక్టర్లు పరీక్షలన్నీ చేసి, నీళ్లు బాగా తాగమని, తొందరపడొద్దని చెప్పి పంపారు. జంటగా కాదు, ఇద్దరూ ఎవరికి వారు. మంగ ఊరి నుంచి ఇంకో ఆరుగురు ఆడవాళ్లు వచ్చారు. వానలు తగ్గినప్పటి నుంచీ ఏటి ఒడ్డున, చేపలు ఎండబెట్టడం అయ్యాక, వాళ్లకి మంగే నేర్పింది. నూకాలమ్మ గట్టు మీద కూర్చుని ఎవరు కాళ్లు ఆడించడం లేదో చెప్పేది. ఉమాశంకర్ నీళ్ల సీసాలు ఇచ్చే బల్ల దగ్గర మాస్కుతో నిలబడ్డాడు. పోయిన నెల వ్యాపారుల మీటింగులో, ఎవరూ అడగకుండానే, మా ఆవిడ ఈదుతోందని తనే చెప్పాడట.

ఏటిలో రాజకుమారే ముందు. సైకిలు మీద మంగ ఆమెను కలుసుకుంది. పరుగుకి వచ్చేసరికి ఇద్దరూ పక్కపక్కన ఉన్నారు. ఎండ ఎక్కింది. అలలు వెనక్కి పోయినచోట తడి ఇసుక గట్టిగా ఉంది, దాని మీద పరుగెత్తారు. సగం దూరంలో రాజకుమారికి ఆయాసం పట్టింది. నడక మొదలుపెట్టింది. మంగ కూడా నడిచింది.

"నువ్వెల్లిపోవే" అంది రాజకుమారి.

"ఎందుకప్పా, కలిసే ఎల్దాం."

"నీలో ఇంకా ఓపికుంది. నాకు కనిపిస్తోంది. వెళ్లు."

"నువ్వొక్కద్దానివీ..."

"నాకేం భయం? పక్కన సముద్రం, ముందు నువ్వు. ఎల్లు, నువ్వు పరుగెత్తుతుంటే వెనక నుంచి ఎప్పుడూ చూడలేదు."

మంగ రెండుసార్లు వెనక్కి చూసింది. తర్వాత చూడలేదు. కాళ్లు సాచి పరుగందుకుంది. జుట్టు ముడి ఊడి వీపు మీద ఎగిరింది. ముందున్న ఒకామెను దాటింది, ఇంకొకామెను దాటింది. చిన్నదైపోతున్న ఆ మనిషిని చూస్తూ రాజకుమారి నడిచింది. ఆయాసంతోనే నవ్వు వచ్చింది. చుట్టూ ఎవరూ లేకపోవడంతో గట్టిగానే నవ్వుకుంది. కొంతదూరం నడిచి, కొంతదూరం పరుగెత్తి, తీరిగ్గా చేరింది. బిందు పతకం వేసి నీళ్లిచ్చింది.

"మంగేదే?"

"అయిదో స్థానమమ్మా! ఇక్కడే ఉండాలి..."

మంగ అక్కడ లేదు. షామియానా కింద లేదు, ఉమాశంకర్ బల్ల దగ్గర లేదు. రాజకుమారి ఒడ్డు వెంబడి చూసింది. దూరంగా తెప్పలు తీరానికి వచ్చి ఉన్నాయి. వాటి చుట్టూ గుంపు, కేకలు. చేపల వేలంపాట జరుగుతోంది. నెమ్మదిగా అటు నడిచింది. గుంపు మధ్యలో మంగ నిలబడి ఉంది, చేతి మీద పోటీ అంకె చెరగకుండానే, మెడలో పతకంతో, పక్క ఊరి వ్యాపారితో బిగ్గరగా పోట్లాడుతూ.

"అదేటి పాట బావా? కవ్వళ్లు ఇంత తాజాగా ఉంటే ఆ రేటుకిత్తారేటి? సరిగ్గా సెప్పు!"

"ఈ పతకమేటే?" అన్నాడతను.

"పతకం సంగతి తరవాత. ముందు రేటు సెప్పు."

రాజకుమారి బోర్లించిన తెప్ప మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, బేరం చూడసాగింది. మంగ ఆమెను చూసి ఒక్క క్షణం ముఖమంతా విప్పారి నవ్వింది.

"కూకో అప్పా, బేగొచ్చేత్తాను" అని అరిచి, మళ్లీ వ్యాపారి వైపు తిరిగి, గొంతు రెట్టింపు చేసింది.